జూలైలో టాంపా బే: పడవ లేకుండా మడ చెట్ల పక్కన చేపలు పడతాయా?

మీ ప్రశ్న ఇది: జూలైలో న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడాలోని టాంపాలో అక్కయ్యగారింటికి పది రోజులు వస్తున్నారు, పడవ లేదు, మడ చెట్ల దగ్గర ఒడ్డు నుంచే గాలం వేయాలని ఉంది. ఆ ఎండలో ఏమైనా పడతాయా అని.

పడతాయి. కాకపోతే వేసవిలో చోటు కన్నా, ఎర కన్నా వేళ ముఖ్యం. నేను టాంపా పక్కనే ఉన్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటాను, వేసవి శనివారాలు చాలావరకు మోకాలి లోతు నీళ్ళలోనే గడుపుతాను. జూలైలో ఈ ఫ్లాట్స్, అంటే లోతు తక్కువ ఉండే మేటల, మీది నీళ్ళు మధ్యాహ్నానికి 30 డిగ్రీలు దాటిపోతాయి. అప్పుడు చేప మేత మానేసి నీడకో, లోతుకో జరిగిపోతుంది. తెల్లవారగానే మొదలుపెట్టి పదింటికల్లా ముగించుకోండి.

వేళ తర్వాత చూడాల్సింది నీటి కదలిక. ఇక్కడ వేసవిలో పెద్ద పోట్లు ఎక్కువగా పగటిపూట వస్తాయి. పోటు నిండినప్పుడు రెడ్‌ఫిష్, మాంగ్రోవ్ స్నాపర్ వేళ్ళ సందుల్లోకి దూరి పీతలు, చిన్న చేపలు తింటూ ఉంటాయి. అక్కడికి మీ ఎర చేరదు. నీళ్ళు దిగడం మొదలయ్యాక మాత్రం అవి బయటికి రాక తప్పదు. మడల మధ్య నుంచి నీరు సన్నటి పాయలా బయటికి జారే సందు ఒకటి వెతుక్కుని, దానికి ఎదురుగా కాస్త దూరంలో కదలకుండా నిలబడండి. ఆటుపోట్ల వేళలు చూపే టైడ్ చార్ట్ చూసి, పొద్దున్నే ఆటు మొదలయ్యే రోజులు ముందే గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో మాత్రం అక్కయ్యగారు ఎక్కడికి తీసుకెళ్తానన్నా ఒప్పుకోకండి!

ఎరకి బెయిట్ షాపులో దొరికే బతికున్న రొయ్యలు చాలు. రొయ్య తలలోకి చూస్తే నల్లటి మచ్చ ఒకటి కనిపిస్తుంది. దానికి తగలకుండా, కొమ్ము కింద అడ్డంగా గాలం గుచ్చితే చాలాసేపు బతికి ఈదుతుంది. కొమ్మ నీటిని తాకే చోటికి ఒక అడుగు ఇవతల పడేలా వేయండి. చేప అందుకోగానే రాడ్‌ని పక్కకి వంచి చెట్లకు దూరంగా లాగాలి. వేళ్ళకి అంటుకుని ఉండే ఆల్చిప్పలు లైన్‌ని బ్లేడులా కోసేస్తాయి. అందుకే చివర రెండు మూడు అడుగులు 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (సులువుగా తెగని గట్టి దారం) కట్టుకోండి. గడ్డి మేటల మీద ట్రౌట్ కోసమైతే చప్పుడు చేసే బెండు కింద అదే రొయ్య సరిపోతుంది.

చోటు విషయానికొస్తే, ఫోర్ట్ డి సోటో పార్కుకి వెళ్ళండి. ఫ్లాట్స్, సముద్రపు గడ్డి, మడలు అన్నీ నడిచి చేరుకునే దూరంలో ఉంటాయి. గేటు తెరిచేసరికి అక్కడ ఉండండి. నీళ్ళలో అడుగు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడుస్తూ నడవండి. స్టింగ్‌రే, అంటే మన టేకు చేప, ఇసుకలో పూడుకుని ఉంటుంది. పాదం తగిలితే తప్పుకుంటుంది, మీద అడుగు పడితే ముల్లుతో పొడుస్తుంది. ఒంటి మీద మానని గాయం ఉంటే నీళ్ళలోకి దిగొద్దు. వెచ్చటి ఉప్పునీటిలో ఉండే విబ్రియో బ్యాక్టీరియా గాయం ద్వారా లోపలికి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

లైసెన్సు తప్పనిసరి. ఒడ్డు నుంచి పట్టడానికి ఉచిత లైసెన్సు ఉంది కానీ అది ఫ్లోరిడా వాసులకే. బయటి రాష్ట్రం వాళ్ళకి 3 రోజులది 17 డాలర్లు, 7 రోజులది 30, ఏడాదిది 47. పది రోజులకి రెండూ కలిపి కొన్నా అదే 47, కాబట్టి ఏడాదిదే తీసుకోండి. టాంపా బేలో రెడ్‌ఫిష్ మనిషికి ఒకటి, 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉండాలి. ట్రౌట్ మూడు, 15 నుంచి 19 అంగుళాలు. మాంగ్రోవ్ స్నాపర్ కనీసం 10 అంగుళాలుండాలి, ఐదు దాకా తీసుకోవచ్చు. కూరకి నన్నడిగితే స్నాపరే. రూల్స్ మారుతుంటాయి, వచ్చే ముందు రాష్ట్ర వైల్డ్‌లైఫ్ కమిషన్ సైట్ ఒకసారి చూసుకోండి.

స్నూక్ అనే చేప గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూడగానే మన పండుగప్ప గుర్తొస్తుంది, కాకపోతే పక్కన తోక దాకా నల్లటి గీత ఉంటుంది. మే 1 నుంచి ఆగస్టు 31 దాకా ఇక్కడ దాన్ని ఇంటికి తీసుకెళ్ళకూడదు, అది గుడ్లు పెట్టే కాలం. మీ గాలానికి తగలడం మాత్రం ఖాయం. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, పైగా అది పోరాడి అలిసిపోయి ఉంటుంది, వదిలాక చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. గాలం కొసన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు (బార్బ్) ముందే నొక్కేసి ఉంచుకోండి. తడి చేత్తో పట్టుకుని, నీళ్ళలో ఉంచే గాలం తీయండి. ఫొటో కావాలంటే ఫోన్ సిద్ధం చేసుకున్నాకే ఒక్కసారి పైకెత్తండి. తర్వాత నీళ్ళలోనే పొట్ట కింద చెయ్యి ఆనించి, ఈదేటప్పుడు ఉన్నట్టే పట్టుకుంటే, కాసేపటికి తోక ఝాడించి అదే వెళ్ళిపోతుంది. గుడ్లతో ఉన్న తల్లి చేపని అలా బతికించి పంపడం నాకు పట్టుకోవడం కన్నా ఎక్కువ ఇష్టం.

మధ్యాహ్నాలు ఉరుములు దాదాపు రోజూ ఉంటాయి. మొదటి ఉరుము వినపడగానే రాడ్ దించేసి కారులోకి వెళ్ళిపోండి. గ్రాఫైట్ రాడ్‌లో కరెంటు సులువుగా పారుతుంది, మైదానం లాంటి ఆ నీళ్ళలో అందరికన్నా ఎత్తుగా ఉండేది మీరే. ఏ తేదీల్లో వస్తున్నారో రాస్తే ఆ రోజుల పోటు వేళలు చూసి చెబుతాను.