నాన్నను రాక్షసుణ్ణి చెయ్యాలంటే

ప్రశ్న: పదేళ్లుగా మాటల్లేని తండ్రీకొడుకుల మీద చిన్న ఫాంటసీ సినిమా తీస్తున్నాం. కొడుకు పక్కన నాన్న రెండింతలు కనబడాలి. గ్రాఫిక్స్‌కి డబ్బుల్లేవు. దారేమిటి?
– ఓ పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: దూరంతోనే మాయ చెయ్యండి. కెమెరాకి 3 మీటర్లలో తండ్రి, 6 మీటర్లలో కొడుకు. ఏపీఎస్-సీ (మధ్యరకం సెన్సర్ ఉన్న) కెమెరాకి 18 ఎంఎం లెన్సు, ఎఫ్/8 (లెన్సు కన్నం చిన్నదిగా), ఫోకస్ 3 మీటర్ల దగ్గర. ఇద్దరూ స్పష్టంగా వస్తారు. మీ ఊరి మహేంద్రతనయ నది ఇసుకలో కెమెరాను నేలకి ఆనించండి. ఎత్తులో పెడితే కొడుకు పాదాలు పైకి తేలి గుట్టు రట్టవుతుంది.

అసలు బెడద చూపులది. తండ్రి వెనక్కి తిరిగి కొడుకుని చూడకూడదు. తెర మీద కొడుకు కనబడే వైపు, తన పక్కన నడుమెత్తు కర్ర పాతి, దాని కొసతో మాట్లాడాలి. కొడుకూ అంతే, తన పక్కకి, పైకి చూడాలి. మాటల్లేని వాళ్లకిది నప్పుతుంది కూడా! మబ్బు పట్టినప్పుడే తీయండి, ఎండలో నీడలు దూరాన్ని పట్టిస్తాయి. షాట్ మధ్యలో కెమెరాని పక్కకి జరిపారో, మాయ పోయినట్టే.