బ్యాటరీ ఎలా కాలుస్తుంది?

సందేహం: 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించిన సంగతి మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతున్నాను. "తీరంలోని బ్యాటరీ ఎదురు కాల్పులు జరిపింది" అనగానే ఒకబ్బాయి "బ్యాటరీ ఎలా కాలుస్తుంది మేడమ్?" అన్నాడు. తెలుగులో ఏమనాలి? శతఘ్ని అనొచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, ముమ్మిడివరం

సమాధానం: అమ్మా, ఆ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. మన ఊళ్లలో టార్చిని ఇప్పటికీ 'బ్యాటరీ లైటు' అంటారు కదా, వాడికి అదే గుర్తొచ్చి ఉంటుంది. నిజానికి ఫిరంగుల బ్యాటరీయే ముందు పుట్టింది. 'కొట్టడం' అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చి, ఒకచోట వరసగా నిలిపిన ఫిరంగులకు పేరైంది. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తును నిలవ చేసే గాజు జాడీలను కలిపి కట్టి, ఆ పేరునే వాటికి వాడాడు. ఈ కథ చెబితే పిల్లలు బ్యాటరీని ఇక మరిచిపోరు.

శతఘ్ని వద్దంటాను. రామాయణంలో లంక కోట మీద శతఘ్నులున్నాయి. నూరుగురిని చంపేదని ఆ మాటకు అర్థం. ఫిరంగికి ఆ పేరు చాలా తర్వాత అతికించారు. పిల్లలకు అది పురాణంలా వినిపిస్తుంది.

మనకు 'ఫిరంగి' ఉండనే ఉంది. 'ఫ్రాంకు' అనే జాతి పేరు పారశీకంలో 'ఫరంగీ' అయి, ఐరోపావాళ్లందరికీ చెల్లింది. వాళ్లు తెచ్చిన ఆయుధానికీ మనం ఆ పేరే పెట్టుకున్నాం. పాలకొల్లులో డచ్చివాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు కాపురం పెట్టిన గోదావరి జిల్లాల్లో ఈ మాట ఎవరికీ కొత్త కాదు. 'తోపు' అన్నా ఫిరంగే, అది తురుష్క పదం. కానీ సముద్రం ఒడ్డున తోపు ఉందంటే మనవాళ్లు సరుగుడు చెట్లే అనుకుంటారు. అందుకే ఇక్కడ అది పనికిరాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంగ్లీషులో బ్యాటరీ అంటే ఫిరంగులూ, అవి ఉన్న చోటూ, వాటిని పేల్చే సైనికులూ. తెలుగులో ఒక్క మాటతో మూడూ రావు. చోటైతే 'ఫిరంగి స్థావరం', మనుషులైతే 'ఫిరంగి దళం' అనండి. తీరంలో ఇలాంటి చోట్ల ఫిరంగులతో పాటు దూరం కొలిచే సాధనాలు, రాత్రి ఓడల మీద వెలుగు వేసే సెర్చిలైట్లు, గుళ్లు దాచే గదులు ఉండేవి. కాబట్టి 'స్థావరం' సరిగ్గా సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీద, విశాఖ మీద బాంబులు వేశాయి. ఆ పాఠం చెప్పేటప్పుడు ఈ మాట వాడకండి. తీర ఫిరంగి గురి నీళ్ల మీది ఓడ. ఆకాశంలోని విమానాన్ని కొట్టేది 'విమాన విధ్వంసక ఫిరంగి'. పత్రికల్లో కూడా ఈ రెంటినీ కలిపేస్తుంటారు, నాకు బాధేస్తుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: "ఎమ్డెన్ మీద తీరంలోని ఫిరంగి దళం ఎదురు కాల్పులు జరిపింది."