కోడి పిల్లలు మెడ తిప్పుతున్నాయా? కొక్కెర అనుకునే ముందు నూనె డబ్బా వాసన చూడండి

ప్రశ్న: మాది జనగామ జిల్లా. 400 వనరాజా (పెరటి కోళ్ల రకం) పిల్లలు పెంచుతున్నాను, వయసు 24 రోజులు. నాలుగు రోజులుగా కొన్ని పిల్లలు మెడ వెనక్కి తిప్పి, తూలి, వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. 35 పడ్డాయి, 12 చనిపోయాయి. ఏడో రోజు కొక్కెర టీకా లసోటా చుక్కలు వేశాను. దాణా ఇంట్లోనే కలుపుతాను. మొక్కజొన్న, సోయా చెక్క, మినరల్ మిక్చర్‌తో పాటు మిల్లు తవుడు 15 శాతం, కోడి మాంసంలో ఒమేగా-3 పెరగాలని చేప నూనె 3 శాతం వేస్తున్నాను. ఇది కొక్కెర (రాణీఖెట్) తెగులేనని డీలరు ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, లివర్ టానిక్ ఇచ్చాడు. వెంటనే ఆ తెగులుకు వేసే ఆర్2బి టీకా వేయమంటున్నాడు. వేయమంటారా? మిగిలిన చేప నూనె గేదెలకు పోయవచ్చా?

జవాబు: ఆర్2బి వేయకండి. అది ఎనిమిదో వారంలో వేసే టీకా. ఆరు వారాలు కూడా నిండని పిల్లలకు వేస్తే టీకాలోని వైరస్సే వాటిని పడేస్తుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ కూడా ఈరోజే ఆపండి.

మెడ తిప్పితే కొక్కెరే అనుకోవడం మన రైతులకూ డీలర్లకూ అలవాటైపోయింది. ఫోన్ చేసి అడిగితే మీరు చెప్పిన సంగతులు వేరే దారి చూపిస్తున్నాయి. రెట్టలు మామూలుగానే ఉన్నాయి, ఆకుపచ్చ పారుడు లేదు. గురక, నోరు తెరిచి ఎగశ్వాస లేవు. పడిన పిల్ల కూడా మేత ముక్కు దగ్గర పెడితే తింటోంది. చేప నూనె ఏప్రిల్‌లో కొని, ఇనుప డ్రమ్ములో పోసి, రేకుల షెడ్డు కింద ఉంచారు. తవుడు నెల కిందటిది. నా అనుమానం ఎన్‌సెఫలోమలేషియా. ముక్కిన కొవ్వు తినడం వల్ల, విటమిన్-ఇ చాలక చిన్న మెదడు దెబ్బతినే జబ్బు ఇది. సాధారణంగా 15 నుంచి 30 రోజుల వయసులో కనిపిస్తుంది. అంటువ్యాధి కాదు.

అనుమానం అనే అంటున్నాను. రేపు పొద్దున్నే బతికున్న జబ్బు పిల్లలు రెండింటిని, అర కిలో దాణాను, సీసాలో కొంచెం నూనెను మీకు దగ్గరలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు తీసుకెళ్లండి. చిన్న మెదడు ఉబ్బి, ఎర్రటి రక్తపు చుక్కలు, పసుపు పచ్చగా చచ్చిన కణజాలం కనిపిస్తే సందేహం తీరినట్టే. కొక్కెర పరీక్ష కూడా అక్కడే అడగండి.

ఈలోగా చేయాల్సినవి. ఉన్న దాణా మొత్తం తీసేయండి. జల్లించి, ఎండబెట్టి మళ్లీ వాడదామనుకోవద్దు, పాడైన కొవ్వు ఎండకు బాగుపడదు. తాజా మొక్కజొన్న, సోయా చెక్క, మినరల్, విటమిన్ మిశ్రమాలతో 100 కిలోలు మాత్రమే కలపండి. ఈ వయసు పిల్లలు 400 ఉంటే అది దాదాపు వారానికి వస్తుంది. నూనె వద్దు. వనరాజాకు బ్రాయిలరంత శక్తి అక్కర్లేదు. తవుడు లేకపోతే గడవదంటే నూనె తీసిన తవుడు వాడండి.

ఆ 100 కిలోల్లో విటమిన్-ఇ 50 శాతం పొడి 20 గ్రాములు కలపాలి. అంటే కిలో దాణాకు 100 యూనిట్లు. 20 గ్రాములు ఒకేసారి గుట్ట మీద చల్లితే సగం పిల్లలకు అందదు. ముందు కిలో మొక్కజొన్న పిండిలో, తర్వాత పది కిలోల్లో, ఆ తర్వాత మొత్తంలో కలపండి. పది రోజులు ఇలా పెట్టి, తర్వాత 100 కిలోలకు 6 గ్రాములకు తగ్గించి అమ్మే దాకా కొనసాగించండి.

పడిపోయిన పిల్లలను వేరు చేసి, ఒక్కోదానికి 300 యూనిట్ల విటమిన్-ఇ ఒక్కసారి నోట్లో వేయండి. మందుల షాపులో దొరికే 400 మిల్లీగ్రాముల (అంటే 400 యూనిట్ల) గుళికను సూదితో గుచ్చి ముప్పావు వంతు పిండితే సరిపోతుంది. నీళ్లు, మేత వాటి ముందే పెట్టండి. అన్నీ లేస్తాయని చెప్పలేను. ఇప్పుడిప్పుడే తూలుతున్నవి కోలుకోవచ్చు. మెదడు బాగా దెబ్బతిన్నవాటికి ఎంత పోసినా లాభం ఉండదు. సెలీనియం కూడా కలిసిన ఇంజెక్షన్ అమ్మజూపుతారు, కొనకండి. ఈ జబ్బు మీద సెలీనియం పనిచేయదు, మోతాదు మించితే విషం.

ఇక నూనె సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మీరు డబ్బు పోసి కొన్నది దాన్నే కాబట్టి. కొవ్వు ఆమ్లం అంటే పొడవాటి కార్బన్ గొలుసు. లినోలీక్ ఆమ్లంలో 18 కార్బన్లు, రెండు జంట బంధాలు ఉంటాయి. మొక్కజొన్న నూనెలో సగానికి పైగా, తవుడు నూనెలో దాదాపు మూడో వంతు ఇదే. రెండు జంట బంధాల మధ్య ఇరుక్కున్న కార్బన్ తన హైడ్రోజన్‌ను చాలా వదులుగా పట్టుకుని ఉంటుంది. వేడి, వెలుతురు, ఇనుము, రాగి ఏది తగిలినా ఆ హైడ్రోజన్ ఊడిపోతుంది. ఖాళీ అయిన చోట గాలిలోని ఆక్సిజన్ అంటుకుని పెరాక్సీ రాడికల్ అవుతుంది. అది పక్క గొలుసు నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది, ఇప్పుడు ఆ పక్కది పాడైంది. గడ్డివాములో నిప్పు పాకినట్టు ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. జంట బంధాలు పెరిగేకొద్దీ ఈ బలహీనమైన చోట్లూ పెరుగుతాయి. మీరు మురిసిపోయే చేప నూనె ఒమేగా-3లలో ఇ.పి.ఎ.కి ఐదు, డి.హెచ్.ఎ.కి ఆరు జంట బంధాలు. నాలుగు నెలలు ఇనుప డ్రమ్ములో, రేకుల కింద పెడితే అందులో ఒమేగా-3 ఎంత మిగిలి ఉంటుంది?

విటమిన్-ఇ తన హైడ్రోజన్‌ను ఇచ్చి ఈ వరుసను తెంపుతుంది, ఆ పనిలో తానే ఖర్చవుతుంది. ముక్కిన నూనె దాణాలో ఉన్న విటమిన్‌ను సంచిలోనే తినేస్తుంది. అదే సమయంలో పిల్ల మెదడులోని ఇలాంటి కొవ్వులకు కాపలా ఎక్కువ కావాల్సి వస్తుంది. తవుడుది ఇంకో తంటా. బియ్యం పట్టిన క్షణం నుంచే అందులోని లైపేజ్ ఎంజైమ్ కొవ్వును విడగొడుతుంది, విడిపోయిన ఆమ్లాలు త్వరగా ముక్కుతాయి. పచ్చి తవుడు రెండు మూడు రోజులకు మించి నిల్వ పెట్టవద్దని ప్రతి శిక్షణలో చెబుతూనే ఉన్నాం. మిల్లులో చవకగా వచ్చిందని నెలకు సరిపడా దించుకుంటూనే ఉన్నారు.

నూనె మంచిదేనని, పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత ముక్కిందో చెప్పే అంకె) 4 అని డీలరు కాగితం చూపించాడన్నారు. అది డ్రమ్ము నింపిన నాటి లెక్క. పైగా బాగా ముక్కిన నూనెలో పెరాక్సైడ్లు విరిగి ఆల్డిహైడ్లుగా మారిపోతాయి కాబట్టి ఆ విలువ మళ్లీ తగ్గుతుంది. ఒక్క అంకె చూసి నమ్మకండి. పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు వాసన వస్తే చాలు, ఆ నూనె పనికిరాదు. కొవ్వు ముక్కకుండా వేసే బి.హెచ్.టి. అనే రసాయనం కలిపితే బాగవుతుందని కూడా చెబుతారు. టన్నుకు 125 గ్రాముల బి.హెచ్.టి. తాజా దాణాను కాపాడుతుందంతే, పాడైనదాన్ని వెనక్కి తేలేదు. వ్యాధి ఏదో తెలియకుండా యాంటీబయాటిక్, టానిక్, టీకా మూడూ ఒకే బిల్లులో రాసిన మనిషి మాట మీద మంద నడపకండి.

ఒమేగా-3 కావాలంటే గుడ్లు పెట్టే కోళ్లకు అవిసె గింజలు (ఫ్లాక్స్) 5 శాతంతో మొదలుపెట్టి 10 శాతం మించకుండా ఇవ్వండి, ఏ వారానికి ఆ వారం పొడి చేసుకోండి. చిన్న పిల్లలకు అవిసెలు వద్దు, వాటిలో విటమిన్ బి6ను అడ్డుకునే పదార్థం ఉంది. పెరట్లో తిరిగే కోళ్లకు గంగవాయిలి కూర పీకి వేసినా కొంత అందుతుంది, ఖర్చూ లేదు.

వారంలో కొత్తగా పడేవి ఆగకపోయినా, దగ్గు గానీ ఆకుపచ్చ రెట్టలు గానీ మొదలైనా ఆగకుండా పశువైద్యుణ్ణి పిలవండి. తూలడం తగ్గాక, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే లసోటా రెండో విడత. అది 28వ రోజు వేయాల్సింది, ఈసారి మూడు నాలుగు రోజులు ఆలస్యమైనా పరవాలేదు. ఆర్2బి ఎనిమిదో వారంలో అర మిల్లీలీటరు, చర్మం కింద.

గేదెలకు ఆ నూనె పోయవద్దు. జంట బంధాలు ఎక్కువున్న కొవ్వు గేదె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది, గడ్డి సరిగా అరగదు. ఆ జీవులు నూనెను మార్చే క్రమంలో పుట్టే కొన్ని పదార్థాలు పొదుగులో వెన్న తయారీని తగ్గిస్తాయి. పాల కేంద్రంలో మీకు డబ్బులిచ్చేది వెన్న శాతం చూసే కదా. దూడలకైతే ముక్కిన నూనె కండరాల జబ్బు కూడా తెస్తుంది. డ్రమ్మును షెడ్డులోంచి తీసి, పశువులు మూతి పెట్టని చోట గొయ్యి తవ్వి పూడ్చేయండి.