జిర్కోనియం కార్బైడ్ పొర నున్నగా ఉన్నా ఎమిషన్ కరెంటు ఎందుకు ఊగుతోంది?

తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవారి ప్రశ్న: సిలికాన్ మీద వేసిన పొర ఏఎఫ్ఎంలో (సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమి చూసే మైక్రోస్కోపు) నున్నగానే ఉంది, ఫీల్డ్ ఎమిషన్ కరెంటు (బలమైన విద్యుత్ క్షేత్రం బయటకు లాగే ఎలక్ట్రాన్ల ప్రవాహం) మాత్రం నిలవడం లేదు.

ముందు అనుమానించాల్సింది ఆక్సైడునే. టంగ్‌స్టన్ వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్‌ను బయటకు లాగడానికి కావాల్సిన శక్తి, తక్కువైతే మేలు) సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు, ఈ కార్బైడ్‌ది 3.5 దరిదాపు. పైన రెండు మూడు నానోమీటర్ల ఆక్సైడు పేరుకుంటే ఆ లాభం పోతుంది. ఏఎఫ్ఎం ఎత్తుపల్లాలే చూపిస్తుంది, అది ఏ పదార్థమో చెప్పదు. ఎక్స్‌పీఎస్ తీయించండి, ఉపరితలం మీద ఏ పదార్థముందో అది ఎక్స్-కిరణాలతో చెబుతుంది: జిర్కోనియం 3డి శిఖరం 179 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరుంటే కార్బైడ్, 182 దాటితే ఆక్సైడు.

ఆ నునుపును కూడా వెంటనే నమ్మకండి. 10 మైక్రాన్ల స్కానులో 512 బిందువులంటే బిందువుకు 20 నానోమీటర్లు; ఎలక్ట్రాన్లను వదిలే సన్నటి మొనలు అందులో కలిసిపోతాయి. 1 మైక్రాన్‌కు తగ్గించండి. సగటు గరుకుతనం ఒక్కటే రాస్తే చాలదు, అత్యధిక ఎత్తు కూడా రాయండి. రేణువులన్నీ ఒకే ఆకారంలో, ఒకే దిక్కుకు కనిపిస్తే శాంపిల్‌ను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. ఆకారాలు తిరగకపోతే మీరు చూస్తున్నది అరిగిన సూది బొమ్మే.

సెమ్‌కు (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు) బంగారు పూత వద్దు. కార్బైడ్ మంచి వాహకమే, పూత చిన్న రేణువులను కప్పేస్తుంది.

నవంబరు వానల్లో, శాంపిల్‌ను పొడిగా ఉంచే డెసికేటర్‌లోని నీలి సిలికాజెల్ గులాబీ రంగుకు తిరగగానే మార్చండి. కొలిచే ముందు ఛాంబర్‌ను 150 డిగ్రీల దగ్గర రాత్రంతా వేడిచేసి, వ్యాక్యూమ్ 10⁻⁸ టార్‌కు దిగాకే వోల్టేజీ ఇవ్వండి.