వదినను బతిమాలడం మానేయండి

ఉత్తరం: నాకు 47 ఏళ్లు. కడపలో ఉంటాము. మా ఆయనకు హార్డ్‌వేర్ అంగడి ఉంది. మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి ఐదేళ్లయింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయినాయి. మాట ముద్దగా వస్తుంది గానీ తెలివి బాగానే ఉంది. రాత్రి మూడుసార్లు లేచి పక్కకు తిప్పాల. అన్నీ నేనే చూస్తాను, నాకేం విసుగు లేదు. మావాడు బెంగళూరులో ఉద్యోగానికి పోయే ముందు మా ఈకో వ్యాన్‌లో వెనక సీటు తీసి, వడ్రంగితో మంచం చేయించి, ‘అమ్మా, నువ్వొక్కదానివే నాలుగు దినాలు సముద్రం కాడికి పోయిరా’ అన్నాడు. బండి నేను నడుపుతాను. మైపాడు పోవాలని రెండుసార్లు తారీకు పెట్టుకున్నాను. అనంతపురంలో ఉన్న వదినకు ఫోన్ చేసి బతిమాలితే సరే అనింది, రెండుసార్లూ ఆఖర్లో రాలేనని చెప్పింది. ‘పోవాలంటే పో, అమ్మను ఎవరు చూస్తారో చెప్పి పో’ అంటారు ఈయన. మంచోడే. దినామూ అంగడికి పోయే ముందు గడప కాడ నిలబడి ‘ఎట్లుండావుమా’ అని అడిగే పోతారు. నా చేత్తో పెడితేనే అమ్మ తింటాదని అందరికీ గొప్పగా చెప్తారు. వదినను ఎట్లా ఒప్పించాల? ఒంటరిగా వ్యాన్‌లో పడుకోవచ్చా? మావాడు పెద్ద బ్యాటరీ, సోలార్, ఫ్రిజ్ పెట్టిస్తానంటున్నాడు, అవసరమా?

సమాధానం: అమ్మా, వదినను ఒప్పించకండి. ఇక ఆ విషయంగా ఫోన్ కూడా చేయకండి. ఆమె రావడం, రాకపోవడం ఆమెకూ ఆమె తల్లికీ మధ్య సంగతి. అడగాల్సి వస్తే తమ్ముడు అక్కను అడగాలి. తనంతట తాను వస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి, అంతవరకే.

మీ ఉత్తరంలో నా కన్ను నిలిచింది ఆ గడప దగ్గర. ఐదేళ్లుగా ఒక కొడుకు తన తల్లి గది గడప దాటలేదు. మీరు దాన్ని ఆయన మంచితనానికి సాక్ష్యంగా రాశారు. నాకు మాత్రం మీ ఇంట్లో చెడింది అదే అనిపిస్తోంది. మీకూ మీ అత్తమ్మకూ మధ్య లోటేమీ లేదు. వదినతో ఉన్నది చిన్న తకరారు. తల్లీకొడుకుల మధ్య బంధమే మీ చేతుల మీదుగా తప్ప నడవడం లేదు. మీరు నాలుగు రోజులు పక్కకు తప్పుకుంటే తను ఆ గదిలోకి పోవాలి. ఆయనకు భయం దానికే. ‘ఎవరు చూస్తారో చెప్పి పో’ అన్న మాట ఆ భయంలోంచి వచ్చిందే.

ఇల్లంతా తానై తిప్పిన తల్లిని పడిపోయిన స్థితిలో ముట్టుకోవడానికి చాలామంది కొడుకులకు చేతులు రావు. మనం పెంచిన తీరు కూడా అలాంటిదే. అంతమాత్రాన ఆయన భయానికి మీరు ఐదేళ్ల నిద్ర ధారపోయాలా? నా మట్టుకు నేను గట్టిగా నమ్మేది ఇది: తల్లి సేవ మొదట కొడుకు బాధ్యత. కోడలు చేసేది ప్రేమతో చేసేది, దాన్ని ఎవరూ హక్కుగా వసూలు చేసుకోకూడదు. ‘నీ చేత్తో పెడితేనే తింటుంది’ అన్న మెచ్చుకోలుకు పొంగిపోకండి. ఇంకో చెయ్యి ఎప్పుడైనా పెడితే కదా తెలిసేది!

ముందు మీ అత్తమ్మను అడగండి. ఈ గొడవలో ఎవరూ ఆమెను అడిగినట్టు లేదు. ‘నేను నాలుగు దినాలు పోయొస్తా, నీ కొడుకు చూసుకుంటాడు, సరేనా’ అని ఆయన ఎదుటే అడగండి. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం కొడుకు చేస్తే ఆమె సిగ్గుపడుతుంది. ఆ సిగ్గును గౌరవించాలి. అందుకని పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వచ్చిపోయేలా ఒక ఆయాను ముందు నుంచే మాట్లాడుకోండి. తిండి, మందులు, రాత్రి తిప్పడం కొడుకువి.

ఇవి ఆయనకు నేర్పడానికి నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం మీరు చేస్తుంటే పక్కన కూర్చుని చూడాలి. రెండో వారం ఆయన చేయాలి, మీరు చూడాలి. ఆ వారం నోరు మెదపకుండా ఉండటమే మీకు కష్టం. ‘అట్లా కాదు, ఇటివ్వండి’ అని చెంచా లాక్కున్నారా, ఆయన మళ్లీ గడప దగ్గరికి పోయి నిలబడతారు. అత్తమ్మకు ప్రమాదమనిపిస్తే తప్ప కలగజేసుకోవద్దు. మూడో వారం శనివారం రాత్రి వంతు ఆయనది, మీరు తలుపు వేసుకుని వేరే గదిలో పడుకోవాలి.

తిప్పేటప్పుడు కొత్తవాళ్లంతా చేసే తప్పు పడిపోయిన చేతిని పట్టుకుని లాగడం. అక్కడ కండ బిగువు ఉండదు కాబట్టి భుజం కీలు జారుతుంది. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా ఒక దుప్పటి మడిచి ఒంటి కింద ఎప్పుడూ పరిచి ఉంచండి, ఆ దుప్పటిని పట్టుకుని తిప్పాలి. పూర్తిగా పక్కకు కాకుండా 30 డిగ్రీలు వాల్చి వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఒకటి పెట్టాలి. పగలు రెండు గంటలకోసారి, రాత్రి మీరు పాటిస్తున్న వేళలకే. గాలి పరుపు ఉన్నా తిప్పడం మానకూడదు. తిప్పిన ప్రతిసారీ నడుము కింది ఎముక, తుంటి, మడమలు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ పక్క ఆనించకుండా డాక్టరుకు చూపించాలి.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, అర చెంచా చొప్పున ఎడమ బుగ్గ వైపు పెట్టాలి. మింగాక నోరు ఖాళీ అయిందని చూసుకునే మరో చెంచా. పల్చటి నీళ్లే గొంతులో తప్పుదారి పడతాయి, చిక్కటి రాగి జావ అంత తొందరగా పడదు. తింటూ దగ్గినా, గొంతు తడితడిగా గరగరలాడినా అక్కడికి ఆపేయాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. ఇదంతా మందుల వేళలతో సహా ఒకే కాగితం మీద, మీ ఆయన చేతిరాతతోనే రాయించి అల్మారా తలుపుకు అంటించండి. మీరు రాసిస్తే అది ఆయన బుర్రకెక్కదు.

నాలుగో వారం మీరు ఒక రాత్రి వ్యాన్‌లో పడుకోండి, ఎక్కడికో పోనక్కర్లేదు, మీ ఇంటి ముందే. లోపల ఆయనకు పరీక్ష, బయట బండికి పరీక్ష. ఫ్యాను తిరగకపోయినా, పరుపు నడుముకు గుచ్చినా, దోమలు దూరినా మీ వీధిలోనే బయటపడుతుంది. ఆ రాత్రి ఆయన తలుపు తడితే లేవకండి, అత్తమ్మ ప్రాణానికి సంబంధించినదైతే తప్ప.

ఇక బండి సంగతి. మీ అబ్బాయి ప్రేమ గొప్పదే గానీ అతను చెప్పిన సామానులో సగం వద్దు. 12 వోల్టుల చిన్న ఫ్యాను 20 వాట్లది రాత్రంతా, ఎనిమిది గంటలు తిరిగితే 160 వాట్‌అవర్లు. లైటూ ఫోనూ కలిపినా రోజుకు 200 దాటదు. మామూలు 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్‌అవర్ల) బ్యాటరీలో 1200 వాట్‌అవర్లు ఉంటాయి, సగం వరకే వాడుకున్నా 600 వస్తాయి. నాలుగు రోజులకు మూడు రాత్రులు, లెక్క సరిపోయింది. సోలార్ వద్దు, ఫ్రిజ్ వద్దు. బండిని స్టార్ట్ చేసే బ్యాటరీకి మాత్రం ఫ్యాను తగిలించకండి. అది చిన్నది, అలా వాడటానికి చేసింది కాదు, ఒకటి రెండు రాత్రులకే నీరసపడి పొద్దున ఇంజను అందుకోదు. రెండో బ్యాటరీ కదలకుండా పట్టీతో బిగించి, ప్లస్ తీగకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. ఫ్యూజు దూరంగా ఉంటే ఆ మధ్య తీగ ఒరుసుకుపోయినప్పుడు మంటను ఆపేది ఏదీ ఉండదు.

మంచం చెక్కకు అరడుగుకొకటి చొప్పున అంగుళం రంధ్రాలు వేయించండి. ఒంటి వేడికి, సముద్రపు తేమకు పరుపు అడుగున నీరు చేరి బూజు పడుతుంది. అద్దాలు రెండు వైపులా రెండేసి వేళ్లు దించి లోపలి నుంచి దోమతెర బిగించాలి. ఒకవైపే దించితే గాలి ఆడదు. ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకుని నిద్రపోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పొగగొట్టం ఇసుకలో కూరుకుంటే విషవాయువు వాసన కూడా లేకుండా లోపలికి వస్తుంది. స్టవ్ కూడా తీసుకుపోకండి. మూసిన బండిలో గ్యాస్ ప్రమాదం ఒక కారణం. ఆ నాలుగు రోజులైనా మీరు వంట చేయకూడదన్నది నా పట్టుదల. ఎండిన జొన్నరొట్టెలు, ఊరిబిండి, బొరుగులు కట్టుకోండి, మధ్యాహ్నం హోటల్లో చేపల పులుసు తినండి. రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు చాలు.

సీటు తీసేశారు కదా, దాన్నీ బోల్టులనూ పారేయకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. శాశ్వతంగా అలాగే ఉంచాలంటే ఆర్టీవో ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. లేదంటే వచ్చాక సీటు బిగించేయండి.

దారి బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు మీదుగా. బద్వేలు దాటాక వెలికొండల ఘాట్ ఉంటుంది కాబట్టి చీకటి పడకముందే దాటేయండి. ఆగుతూ పోయినా ఐదు గంటల దారి. ఇంట్లో నిజంగా అవసరమైతే అదే రోజు తిరిగి రావచ్చు, ఈ మాట మీ ఆయనకూ చెప్పండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరానికి వాయుగుండాల భయం. సంక్రాంతి రద్దీ తగ్గాక, ఫిబ్రవరిలో, సోమవారం నుంచి గురువారం వరకు పెట్టుకోండి. మాఘ పౌర్ణమి సముద్ర స్నానాల రోజు మాత్రం వద్దు, జనం కిటకిటలాడుతుంటారు.

ఒంటరిగా పడుకోవచ్చా అంటే, పడుకోవచ్చు, నిర్మానుష్యంగా ఉన్న చోట కాదు. లైటూ కాపలా ఉన్న రిసార్టు ఆవరణలో బండి నిలుపుకుంటామని ముందే ఫోన్‌లో మాట్లాడుకుని, బాత్‌రూమ్ వాడుకోవడానికి డబ్బు కట్టండి. చేరగానే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో పేరు, బండి నంబరు చెప్పండి. 112 ఫోన్‌లో పైనే ఉండాలి. బండి ముందు భాగం రోడ్డు వైపు, డ్రైవరు సీటు మీద సామాను లేకుండా, తాళం రోజూ ఒకే చోట ఉంటే, అనుమానం కలగగానే కిందికి దిగకుండానే కదిలి వెళ్లిపోవచ్చు.

ఇసుకలోకి బండి దించకండి. మీ బండిని నెట్టేది వెనక చక్రాలు, వెనక బరువు తక్కువ. ఒకవేళ దిగబడితే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గొయ్యి తవ్వుకుంటుంది. ఆపి, నాలుగు టైర్ల గాలి 18 పౌండ్లకు దించి, వెనక చక్రాల చుట్టూ ఇసుక తీసి, కొబ్బరి పీచు పట్టాలు వేసి, వచ్చిన జాడలోనే వెనక్కి నెమ్మదిగా తీయండి. తారురోడ్డు ఎక్కగానే గాలి కొట్టాలి, అందుకు చిన్న 12 వోల్టుల పంపు దగ్గరుంచుకోండి. నీళ్లలో మోకాలు దాటి పోవద్దు. పైకి ప్రశాంతంగా కనిపించే చోటే ఒక్కోసారి అలల లాగుడు ఎక్కువ. కడపకు చేరాక బండి అడుగుభాగం, చక్రాల గూళ్లు మంచినీళ్లతో కడిగించకపోతే ఉప్పు తుప్పు పట్టిస్తుంది.

పోయేముందు ‘పోవచ్చా’ అని అడగకండి. తారీకు చెప్పండి. రాత్రి 8 గంటలకు ఒకే ఫోన్, ఆయనే చేయాలి, అత్తమ్మ చెవి దగ్గర పెట్టి మీతో మాట్లాడించాలి. మధ్యలో ‘ఆ మాత్ర ఎక్కడుంది’ అని చేస్తే ‘అల్మారా మీద కాగితం చూడండి’ అని పెట్టేయండి. ఒక పూట జావ ఒలికిపోవచ్చు, ఒక రాత్రి ఆయన అలారానికి ఆలస్యంగా లేవచ్చు, దానికి మీరు వెనక్కి రానక్కర్లేదు. ఎరుపు కనిపించినా, దగ్గు ఆగకపోయినా ఆయన ఫోన్ చేయాల్సింది మీకు కాదు, డాక్టరుకు. ఆ నంబరూ ఆ కాగితం మీదే ఉండాలి.

తిరిగి వచ్చాక రాత్రి రెండు గంటలకు లేచి తిప్పే వంతు మళ్లీ మీరు తీసుకోకండి. అది ఇక ఆయనది.