తెల్ల కాగితం మీద సంతకం పెట్టేశాడు, ఇంకా పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 30 ఏళ్లు. గోదావరి మీద ఇంజను లాంచీలో పని, నెలకు 18 వేలు జీతం. 2025 జూన్‌లో రేవులో లాంచీ కట్టేస్తుంటే మోకులో చెయ్యి ఇరుక్కుని కుడిచేతి వేళ్లు రెండు మొదలంటా పోయాయి. ఓనరు ఆసుపత్రి బిల్లు 20 వేలు కట్టి, తెల్ల కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. ఇప్పుడు అడిగితే "తప్పు మీవాడిదే, పైగా రిజిస్టర్లో పేరే లేదు, ఎక్కడికెళ్లినా ఏమీ రాదు" అంటున్నాడు. నిజమేనా?
- ఒక అక్క, రాజమహేంద్రవరం

జవాబు: నిజం కాదమ్మా. మీ టెన్షనంతా ఆ కాగితం గురించే కాబట్టి ముందు దాని సంగతి. పరిహారం వదులుకుంటున్నాననో, తగ్గించుకుంటున్నాననో కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదని ఉద్యోగుల నష్టపరిహార చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. ఇది 1923 నాటి చట్టం. 2025 నవంబరు 21 నుంచి దీని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది గానీ, మీ తమ్ముడి ప్రమాదం అంతకుముందే జరిగింది కాబట్టి పాత చట్టం ప్రకారమే అడగండి. ఇంజనుతో నడిచే పడవ సిబ్బంది ఆ చట్టం రెండో షెడ్యూల్లో, అంటే అది వర్తించే పనివాళ్ల జాబితాలో, ఉన్నారు, సముద్రమైనా నది అయినా ఒకటే. (ఈఎస్‌ఐ కార్డు ఉంటే మాత్రం దారి వేరు, ముందు అది చూసుకోండి.)

తప్పు మీవాడిదే అన్న మాట ఇక్కడ పనికిరాదు. పనిలో ఏమరుపాటున దెబ్బ తగిలినా పరిహారం ఇవ్వాల్సిందే. తాగి ఉండటం వల్లో, భద్రతా నియమాన్ని కావాలని మీరడం వల్లో ప్రమాదం జరిగిందని ఓనరు రుజువు చేయగలిగితేనే చిక్కు.

ఇక డబ్బు. జీతం 18 వేలైనా లెక్కకు 15 వేలే తీసుకుంటారు, అన్యాయమే అనుకోండి. అందులో 60 శాతం 9,000. దాన్ని 30 ఏళ్ల వయసుకు చట్టం షెడ్యూల్లో ఇచ్చిన 207.98తో గుణిస్తే పూర్తి వైకల్యానికి 18,71,820. ఒక చేతి రెండు వేళ్లు పోతే 20 శాతం నష్టం కింద లెక్క, అంటే 3,74,364 రూపాయలు. ఆసుపత్రికి కట్టిన 20 వేలు ఇందులోంచి కోయడానికి లేదు, వైద్యం ఖర్చు విడిగా ఓనరే భరించాలి. ప్రమాదం జరిగిన నాటి నుంచి నెలలోపు ఇవ్వలేదు కాబట్టి 12 శాతం వడ్డీ, ఆలస్యానికి సరైన కారణం చూపకపోతే 50 శాతం దాకా జరిమానా కూడా పడొచ్చు. మోకు పట్టే పనికి ఆ చెయ్యి ఇక ఎంతవరకు పనికొస్తుందో డాక్టరు చేత రాయించండి. మోచెయ్యి పైదాకా ఎడమచెయ్యి పోయిన వడ్రంగి ఇక ఆ పని చేయలేడు కాబట్టి పూర్తి వైకల్యంగానే లెక్కించాలని 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు వేళ్లకు అంత రాదు గానీ 20 శాతం మీద గట్టిగా వాదించడానికి ఆధారం దొరుకుతుంది.

రిజిస్టర్లో పేరు లేకపోతే ఫోన్‌పేలో జీతం పడిన లెక్కలు, సరంగు (లాంచీ నడిపే ఆయన) సాక్ష్యం, "పనిలో దెబ్బ" అని రాసిన ఆసుపత్రి కేస్ షీటు చాలు. సరంగు రేపు ఓనరుకు భయపడి మాట మార్చకముందే రాతపూర్వకంగా తీసుకోండి. లాంచీకి ఇన్సూరెన్స్ ఉందేమో కనుక్కుని, ఉంటే ఆ కంపెనీని కూడా కేసులో చేర్చమని వకీలుకు చెప్పండి.

గడువు ప్రమాదం నాటి నుంచి రెండేళ్లు, అంటే 2027 జూన్ దాకా. అంతవరకూ ఆగొద్దు. ఓనరుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు వేయండి. ఈలోగా ఆయన రాజీకి వస్తే కాదనకండి గానీ, ఒప్పందాన్ని ఈ కేసులు చూసే కార్మిక శాఖ కమిషనర్ దగ్గర నమోదు చేయించండి. మొత్తం మరీ తక్కువైతే నమోదు చేయకుండా ఆపే అధికారం కమిషనర్‌కు ఉంది.