ముందు వాళ్లకి, తర్వాతే ఊరికి

విజయనగరం

చి. శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

"రాత్రంతా లాప్‌టాప్ ముందే, ఈడికి ఏటైందో" అని మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పంపిన కాగితాలు చదివాక సంగతి అర్థమైంది. సమాచారాన్ని బయటివాళ్లకి అర్థంకాకుండా మార్చడానికి (అదే ఎన్‌క్రిప్షన్) ప్రభుత్వం తెచ్చిన ఆ యాప్‌లో నువ్వు పట్టింది నిజమైన లొసుగే అనిపిస్తోంది. టెన్షన్ పడకు. అలాగని గంటస్తంభం దగ్గర టీ తాగుతూ ఫ్రెండ్స్‌కి చెప్పావంటే, సాయంత్రానికి మూడు లాంతర్ల దాకా పాకిపోతుంది.

కాగితం మీద నువ్వు పెట్టిన హెడ్డింగ్ కొట్టేశాను. "సర్కారు ఎన్‌క్రిప్షన్ బద్దలు" అట! నువ్వు కనిపెట్టింది అది కాదు కదా. ఆ రహస్యాన్ని విప్పే తాళంచెవి తయారీకి వాడే రాండమ్ నంబర్ ఫోన్ గడియారం నుంచి వస్తోందని, కాబట్టి దాన్ని ఊహించొచ్చని. అంతే రాయి. ఎందుకో ఒక పాత కథ చెప్తా విను.

అమెరికాలో 1993లో క్లిప్పర్ చిప్ వచ్చింది. ఫోన్లో మాట్లాడేవాళ్ల సంభాషణను అది రహస్యంగా ఉంచేది, కానీ పోలీసులు వినడానికి కావలసిన మారుతాళం ప్రభుత్వం దగ్గర ఉండేది. మరుసటి ఏడాది మ్యాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు దాని గుట్టు విప్పాడు. మారుతాళానికి దారి చూపే సమాచారం సరైనదో కాదో చిప్ సరిచూసుకునే అంకె (చెక్‌సమ్) 16 బిట్లే. అంటే 65,536 రకాలు. ఏదో ఒకటి కుదిరేదాకా యాదృచ్ఛికంగా వేస్తూ పోతే దొంగ సమాచారాన్ని కూడా చిప్ ఒప్పేసుకుంటుంది. మాటలు రహస్యంగానే సాగుతాయి, పోలీసుల చేతికి మాత్రం పనికిరాని తాళం మిగులుతుంది. అప్పట్లో ఆయన ఉద్యోగం బెల్ ల్యాబ్స్‌లో. దాని మాతృసంస్థ ఏటీ అండ్ టీయే ఆ చిప్‌తో ఫోన్లు అమ్ముతోంది! అయినా ఆయన గోరంతను కొండంత చెయ్యలేదు. మాటల్ని రహస్యంగా మార్చే లోపలి స్కిప్‌జాక్ కోడ్ విరిగిందని ఎక్కడా అనలేదు, నిఘా భాగాన్ని తప్పించుకోవచ్చని మాత్రమే చూపించాడు. అందుకే ఆ వాదన నిలిచింది.

ఇక మన చట్టం. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్లు చదువు. అనుమతి లేకుండా చొరబడి, దురుద్దేశం ఉందని తేలితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నీది మంచి ఉద్దేశమే అని నాకు తెలుసు, ఎస్‌ఐ గారికి తెలియాలని లేదు. పరీక్షలు నీ ఫోన్, నీ ఖాతా మీదే చెయ్యి. సర్వర్ జోలికి పోకు. పొరపాటున ఇంకొకరి వివరం కనబడితే అక్కడే ఆపి, ఆ సంగతి కూడా రిపోర్టులో రాసెయ్.

రిపోర్టు సెర్ట్-ఇన్‌కి పంపు, అది సైబర్ భద్రత చూసే సంస్థ, కేంద్ర ఐటీ శాఖ కిందిదే. వాళ్లు తప్ప ఇంకెవరూ చదవకుండా మెయిల్‌ని మూసే పీజీపీ తాళంచెవి వాళ్ల సైట్‌లోనే ఉంటుంది, దానితో మూసి పంపు. యాప్ వెర్షన్, ఫోన్ మోడల్, ఏ అడుగు తర్వాత ఏమైందో వరసగా ఉండాలి. డబ్బు మాట ఎత్తకు, బెదిరింపులా కనిపిస్తుంది. వచ్చిన ప్రతి జవాబూ దాచు. జవాబు రాకపోతే మర్యాదగా గుర్తుచెయ్, ఎప్పుడు బయటపెట్టాలనుకుంటున్నావో తేదీతో సహా చెప్పు. బయటపెట్టినా దాడికి పనికొచ్చే కోడ్ మాత్రం జతచెయ్యకు.

సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తావుగా. ఆలోపు డ్రాఫ్ట్ నాకు పంపు, ఎర్ర పెన్ను సిద్ధంగా ఉంది. మీ అమ్మకి నేను చెప్తాలే, నువ్వు ముందు నిద్రపో.

మీ మావయ్య